ఫౌజు దొర బంగళాలో మా బడి

నాకు టీచరుగా మొదటి పోస్టింగు ఇల్లందు దాటాక అడవి అంచున ఉన్న ఒక చిన్న ఊళ్ళో వచ్చింది. అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి ఎన్నో ఏళ్ళు కాలేదు. మాది పెనుబల్లి దగ్గర పల్లె. జిల్లా ఒకటే అయినా ఆ వైపు నేనెప్పుడూ వెళ్ళలేదు. ఆర్డరు కాగితం సంచిలో పెట్టుకుని ఖమ్మంలో బస్సెక్కి, ఇల్లందులో దిగి, అక్కడి నుంచి ఆటోలో పత్తి విత్తనాల సంచుల మధ్య ఒదిగి కూర్చుని ఊరు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది.

సర్పంచ్ నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. దారిలో బడి బోర్డు కనిపించింది గానీ ఆయన ఆగలేదు.

“బడి ఇదే కదండీ?” అన్నాను.

“అది పాత బడి మేడం. స్లాబు పెచ్చులు ఊడి పడుతున్నయి. ఇంజినీరు సారు వచ్చి చూసి, పిల్లల్ని లోపల కూసోబెట్టొద్దన్నడు. ఇప్పుడు బడి ఫౌజు దొర బంగళాల నడుస్తది.”

ఊరి చివర, టేకు చెట్లు మొదలయ్యే చోట ఉంది ఆ బంగళా. డంగుసున్నంతో కట్టిన లావుపాటి గోడలు, పెంకుల కప్పు, ముందు పొడవాటి వరండా. వరండాకు ఎనిమిది టేకు స్తంభాలు. మెట్ల పక్కన నడుమెత్తు రాతి దిమ్మె ఒకటి ఉంటే అదేమిటని అడిగాను. గుర్రం ఎక్కడానికి కట్టించుకున్నదని చెప్పాడు సర్పంచ్. లోపలి గదులకు తాళాలు. కిటికీలోంచి చూస్తే ఒక గది నేల మధ్యలో మనిషి లోతు గుంత తవ్వి ఉంది. దొర బంగారం పాతిపెట్టాడని ఎవరో కొన్నేళ్ళ క్రితం తవ్వారట. దొరికింది ఒక గుర్రపు నాడా మాత్రమేనట.

రిజిస్టరులో నలభై రెండు మంది పిల్లల పేర్లున్నాయి. మర్నాడు వరండాలోకి వచ్చినవాళ్ళు పదకొండు మంది. వాళ్ళయినా ఒక కొసకే కుప్పగా కూర్చున్నారు. ఇటు జరగండి, ఇంత జాగా ఉంది కదా అంటే ఒక్కరూ కదల్లేదు. చివరికి మూడో తరగతి పిల్ల ఒకతి, “అటు దొర గది ఉన్నది టీచర్. లోపల బూట్ల చప్పుడయితది,” అని చెప్పింది. చెవి పెట్టి విన్నాను. నిజంగానే లోపలి నుంచి టక్, టక్ అని చప్పుడు వస్తోంది. నాకు ఇరవై నాలుగేళ్ళు. దయ్యాలను నమ్మనని అనుకునేదాన్ని. అయినా ఆ రోజు నేనూ కుర్చీ కొంచెం ఇవతలికే లాక్కున్నాను.

ఫౌజు దొర ఎవరని ఊళ్ళో అడిగితే తలా ఒక మాట చెప్పారు. నిజాం కాలంలో ఫౌజులో పెద్ద హోదాలో ఉండేవాడని, వందల మంది సిపాయిలు ఆయన చెయ్యి ఎత్తితే కదిలేవాళ్ళని, సముద్రాలు దాటి వెళ్ళి యుద్ధం చేసి వచ్చాడని అందరూ ఒప్పుకున్నారు. ఆ తర్వాతి మాటలే కలవలేదు. చాలా క్రూరుడన్నారు ఒకరు. కాదు, కరువు వచ్చిన ఏడు గింజలు పంచాడన్నారు ఇంకొకరు. కొలువు వదిలేశాక హైదరాబాదులో పెళ్ళాం పిల్లలున్నా అక్కడికి పోకుండా, తండ్రి నాడు వేట కోసం కట్టించిన ఈ బంగళాకు వచ్చి ఇక్కడే పోయాడు. ఇది మాత్రం ఖాయం. ఆయన సమాధి కూడా బంగళా వెనకే ఉంది.

బంగళా వెనకవైపు గదిలో ఒక అవ్వ ఉండేది. అరవై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా. ఆదివారం తెల్ల చీర కట్టుకుని, బైబిలు చంకన పెట్టుకుని, రెండు మైళ్ళ దూరంలోని చర్చికి నడిచి వెళ్ళేది. ఆమె తండ్రి దొర గుర్రానికి సేవ చేసిన మనిషట. దొర పోయాక కూడా ఆ కుటుంబం అక్కడే ఉండిపోయింది. పిల్లలు లేరు. భర్త ఇల్లందు బొగ్గు బావిలో పనిచేసి, రిటైరయ్యాక పోయాడు.

మొదటి వారం ఆమె నాతో మాట్లాడలేదు. దూరం నుంచి చూస్తూ ఉండేది. ఒకరోజు నేను నల్లబల్ల మీద అచ్చులు రాస్తుంటే వెనక నుంచి గొంతు వినిపించింది.

“ఋ గట్ల రాస్తే పిలగాండ్లకు ఎట్ల తెలుస్తది టీచరమ్మా? కొమ్ము సరిగ రాలే.”

తిరిగి చూస్తే అవ్వ. నాకు కొంచెం మొహం చిన్నబోయింది. “మీరు రాసి చూపించండి అవ్వా,” అన్నాను, వెటకారంగానే. ఆమె వచ్చి సుద్దముక్క తీసుకుని ఋ రాసింది. అచ్చు వేసినట్టుంది. వాచకంలో కూడా అంత అందమైన ఋ నేను చూడలేదు.

“ఎక్కడ చదువుకున్నారు?”

“మిషన్ బడిల. మూడో తరగతి దాంక. తర్వాత నేనే చదువు చెప్పిన,” అని వరండా చివరి వైపు చెయ్యి చూపించింది. “అదే, ఆ కొసకు కూసోని. నాకు ఒక్కడే శిష్యుడు.”

“ఎవరు?”

“సాబ్,” అంది. ఊరంతా ఫౌజు దొర అన్నవాణ్ణి ఆమె ఒక్కతే సాబ్ అనేది.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టాక కూడా నేను లేవలేదు. ఆమెను ఒక్కొక్కటే అడిగాను. తొమ్మిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు సంగతి. దొరకు ఉర్దూ వచ్చు, ఇంగ్లీషు వచ్చు. తెలుగు నాలుగు ముక్కలు మాట్లాడేవాడు గానీ అక్షరం ముక్క రాదు. ఒకరోజు ఈమె పలక మీద రాసుకుంటుంటే చూసి, నాకు నేర్పుతావా అని అడిగాడు. అప్పటికే ఆయనకు యాభై దాటాయి. రోజూ పొద్దున గుర్రం మీద తిరిగి వచ్చి, బూట్లు విప్పేసి, వరండాలో చాప మీద ఈమె ఎదురుగా కూర్చునేవాడు.

“సాబ్‌కు ళ రాకపోయేది. పళ్ళెం అనమంటే పల్లెం అనేటోడు. ణ అయితే మరీ. నేను కొట్టేటట్టు చెయ్యెత్తుతుంటి. ‘గలతీ అయింది మాస్టర్ సాబ్, మల్ల రాస్త’ అనేటోడు. మా నాయిన దూరం నుంచి చూసి గజగజ వణికేటోడు. ఫౌజుల అందరినీ ఉరికిచ్చిన మనిషిని ఈ పిల్ల గిట్ల అంటాంది, ఏమయితదో అని.”

“కోపం వచ్చేది కాదా ఆయనకి?”

“వచ్చేది. ఎందుకు రాదు? ఒకసారి గుర్రానికి దాణా ఆలస్యమయిందని మా నాయినను కొరడా తీసుకొని కొట్టిండు. నేను మూడు రోజులు పాఠం చెప్పలే. పలక దాచిపెట్టిన. నాలుగో రోజు మా గుడిసె ముందటికి వచ్చి నిలబడి మా నాయినను మాఫ్ చెయ్యమన్నడు. అందరూ చూస్తనే ఉన్నరు. మల్ల ఎవ్వల మీద చెయ్యెత్తలే.”

మరి ఆ వయసులో తెలుగు ఎందుకు నేర్చుకోవాలనుకున్నాడని అడిగాను. అవ్వ లేచి చీర దులుపుకుంది.

“అది సాబ్ సొంత ముచ్చట బిడ్డా. నేను జెప్పేది గాదు,” అని వెళ్ళిపోయింది.

నాకు ఒక ఆలోచన వచ్చింది. మర్నాడు అవ్వను బతిమాలి తీసుకొచ్చి పిల్లల ముందు కూర్చోబెట్టాను. ఆమె ముందు తాళంచెవి తెచ్చి దొర గది తలుపు తీసింది. పిల్లలు నా వెనక దాక్కున్నారు. లోపల గొళ్ళెం ఊడిన కిటికీ రెక్క ఒకటి గాలికి గోడను కొట్టుకుంటోంది. టక్, టక్. అవ్వ దాన్ని పట్టుకుని రెండుసార్లు కొట్టి చూపించింది. “గివేనా మీరు వినే బూట్లు?” అంది. తర్వాత దాన్ని తాడుతో కట్టేసింది. బయటికి వచ్చి దొర ళ పలకలేక పడ్డ పాట్లు చేసి చూపిస్తే పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. అంత పెద్ద ఫౌజు దొరకు తమకంటే తక్కువ తెలుగు వచ్చన్న సంగతి వాళ్ళకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ సాయంత్రం ప్రతి ఇంట్లోనూ ఆ కబురే అయి ఉంటుంది. మర్నాడు ఇరవై ఆరు మంది వచ్చారు. దసరా సెలవుల నాటికి వరండా రెండు కొసలూ నిండిపోయాయి.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ మనసు తేలిగ్గా ఉంటుంది. ఇల్లందులో కిరాయి గదిలో ఉండి రోజూ ఆటోలో వచ్చేదాన్ని. వానాకాలం వాగు పొంగితే అవ్వ దగ్గరే ఆగిపోయేదాన్ని. ఆమె జొన్న రొట్టె, పచ్చిపులుసు చేసి పెట్టేది. నా మాట పిల్లలకు వింతగా ఉండేది. “టీచర్ ఏమిటి అంటది, ఏంది అనదు,” అని నవ్వుకునేవాళ్ళు. వాళ్ళలో కొందరు ఇంట్లో కోయ మాట్లాడేవాళ్ళు. వాళ్ళ దగ్గర నేను కొన్ని మాటలు నేర్చుకుంటే, తప్పు పలికినప్పుడల్లా అవ్వ వైపు చూసి, “టీచర్ సాబ్ లెక్క పలుకుతాంది,” అనేవాళ్ళు. అవ్వ రోజూ ఒక గంట వచ్చి ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించేది. ఆమెకు ఎవరూ జీతం ఇవ్వలేదు. ఇస్తామన్నా తీసుకునేది కాదనుకుంటాను.

రెండో ఏడాది చలికాలంలో ఒక జీపు వచ్చి బంగళా ముందు ఆగింది. దాంట్లోంచి నలభై అయిదేళ్ళ ఆవిడ దిగింది. మంచి సల్వార్ కమీజు, కళ్ళద్దాలు, భుజానికి తోలు సంచి. ఆమె వెంట టోపీ పెట్టుకున్న లావుపాటి మనిషి ఒకడు దిగి, నేరుగా పోయి స్తంభాలను వేలితో కొట్టి చూడటం మొదలుపెట్టాడు.

ఆవిడ దొర మనవరాలు. హైదరాబాదులో బ్యాంకులో ఆఫీసరు. తండ్రి పోయాక బంగళా ఆమె పేరుకు వచ్చింది. అమ్మేద్దామని వచ్చింది. టోపీ ఆయన పాత ఇళ్ళ కలప కొనే వ్యాపారి. ఎనిమిది స్తంభాలు, దూలాలు, తలుపులు, అన్నీ పాత టేకు. విప్పి తీసుకుపోతే మిగిలేది మట్టి, సున్నం. కబురు తెలిసి సర్పంచ్, ఇంకో నలుగురు పెద్దలు పరుగున వచ్చారు. ఆవిడ వాళ్ళతో మర్యాదగానే మాట్లాడింది.

“మీ బడికి ఇబ్బంది అయితదని తెలుసు. కానీ నేనేం చేయను? ఇంత దూరం ఎవరు చూసుకుంటరు? ఎప్పుడైనా కూలిపోతది,” అంది. తర్వాత వరండా అంతా చూసి, కొంచెం తగ్గిన గొంతుతో నాతో అంది. “మా అబ్బాజాన్ ఈ ఇంటి పేరెత్తితేనే లేచి వెళ్ళిపోయేవాడు. దాదాజాన్ మమ్మల్ని వదిలేసి ఈ అడవిలోకి వచ్చాడని. నేను ఆయన్ని చూడనే లేదు. ఫోటోలో మాత్రం చూసిన. యూనిఫాం వేసుకొని, కత్తి పట్టుకొని. చిన్నప్పుడు ఆ ఫోటో అంటే భయం నాకు.”

అవ్వ అప్పటి దాకా స్తంభం పక్కన నిలబడి ఉంది. ముందుకు వచ్చింది.

“బిడ్డా, నువ్వు సాబ్ కొడుకు బిడ్డవా?”

“అవునమ్మా.”

“కూసో. నీకొకటి చెప్పాలె. ఎవ్వలికీ జెప్పలే నేను. నీది గనక నీకు జెప్పాలె.”

ఆవిడ నా వైపు చూసింది. నేను పిల్లల్ని ఆటకు పంపి చాప పరిచాను. కలప వ్యాపారి జీపులో కూర్చుని బీడీ ముట్టించాడు. అవ్వ చెప్పింది. నేను విన్నది విన్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

యుద్ధంలో దొర కింద మన జిల్లా సిపాయి ఒకడు ఉండేవాడు. పెనుబల్లి వైపు పల్లెవాడు. చాలా చురుకైనవాడు, బాగా పాడేవాడు. ఇసుక తప్ప ఏమీ లేని దేశంలో జ్వరం వచ్చి చనిపోయాడు. అతణ్ణి పూడ్చిన మూడో రోజు అతని పేరు మీద ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. తెలుగులో ఉంది. ఇంటివాళ్ళకు చావు కబురు ఆఫీసు వాళ్ళు పంపారు. ఉత్తరం మాత్రం దొర తన దగ్గరే పెట్టుకున్నాడు.

“వేరే తెలుగు సిపాయిలు ఉంటరు కదా. వాళ్ళతోని చదివించలేదా?” అంది మనవరాలు.

“నేనూ గదే అడిగిన. ‘వాళ్ళమ్మ కొడుక్కు రాసుకున్నది. పదిమంది నోళ్ళల్ల పడొద్దు. వాని మీద జిమ్మేదారీ నాది, చదివేది నేనే, జవాబు రాసేది నేనే, వాళ్ళ భాషలనే రాయాలె’ అన్నడు. గందుకే నేర్చుకున్నడు బిడ్డా.”

పదకొండు నెలలు పట్టిందట. ఒకరోజు పాఠం అయ్యాక దొర లోపలికి వెళ్ళి, తోలు సంచిలోంచి మడతలు చిరిగిపోయిన కాగితం తెచ్చి, కూడబలుక్కుని చదివాడు. తొమ్మిదేళ్ళ పిల్ల ఎదురుగా కూర్చుని విన్నది. ఊళ్ళో బడిపంతులుతో రాయించిన ఉత్తరం. గేదె ఈనింది, పెయ్యదూడ. వానలు పడ్డాయి. నీ పంచెలు ఉతికి పెట్టెలో దాచాను, చిమటలు కొట్టకుండా వేపాకు వేశాను. అన్నం వేళకు తిను. చివరలో ఒక మాట ఉంది. మీ దొరగారికి నా దండాలు చెప్పు, నిన్ను చల్లగా చూడమని చెప్పు.

“గా మాట కాడికి వచ్చి ఆగిండు సాబ్. మల్ల చదివిండు. మల్ల చదివిండు. తప్పు చదువుతాన్ననుకొని నన్ను చూడమన్నడు. నేను చూసి, సరిగనే చదివినవ్ సాబ్ అన్న. లేచి పోయి గుర్రం కాడ నిలబడ్డడు శానాసేపు.”

మనవరాలు కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

జవాబు రాయడానికి ఇంకో పది రోజులు పట్టింది. ఏడు తప్పులు దిద్దింది ఈ పిల్ల. టపాలో వెయ్యొద్దని, చేతికే ఇవ్వాలని అన్నాడు దొర. గూడు బండి కట్టించుకుని, గుర్రం సేవకుణ్ణి, ఈ పిల్లను వెంటబెట్టుకుని రెండు రోజులు ప్రయాణం చేసి ఆ పల్లెకు వెళ్ళాడు. యూనిఫాం వేసుకోలేదు. తెల్ల షేర్వాణీ వేసుకున్నాడు. పల్లెలో జనం ఎవరో పెద్ద అధికారి వచ్చాడని తలుపులు మూసుకున్నారు. సిపాయి తల్లి ఒక్కతే అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. ఆమెకు చదువు రాదు. అందుకని ఆయనే ఉత్తరం విప్పి గట్టిగా చదివాడు. ళ దగ్గర, ణ దగ్గర తడబడ్డాడు. ఆమె చింతపండు చేతులతో అలాగే విన్నది. అంతా అయ్యాక ఒక్క ప్రశ్న అడిగింది.

“ఏమడిగింది?” అన్నాను, ఆపుకోలేక.

“‘మావాడు అన్నం సరిగ్గా తినేవాడా బాబూ?’ అని అడిగింది. సాబ్ చెప్పిండు, ‘రొట్టె పెడితే కొట్లాడేటోడు అమ్మా. బియ్యం దొరికిన నాడు మాత్రం రెండు పళ్ళేలు తినేటోడు’ అని. పళ్ళేలు అన్నడు బిడ్డా. సాఫ్‌గ అన్నడు. ఆమె నవ్వింది. నవ్వుకుంటనే ఏడ్సింది. మమ్మల్ని అన్నం తినకుండ పోనియ్యలే.”

ఆ తర్వాత ఏటా పంటలు ఇంటికి చేరాక దొర ఆ పల్లెకు వెళ్ళి ఒక రోజు ఉండి వచ్చేవాడట. ఆమె బతికి ఉన్నంత కాలం మానలేదు.

మనవరాలు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. తర్వాత అడిగింది.

“వేరే వాళ్ళ అమ్మ కోసం ఇంత చేసిండు. మా దాదీ కోసం, మా అబ్బా కోసం ఎందుకు రాలేదమ్మా?”

అవ్వ సర్దిచెప్పే మనిషి కాదు.

“అది తప్పే. నేను కాదనను. మీ నాయినమ్మ ఒకసారి వచ్చి మూడు రోజులున్నది. ఈ అడవిల ఉండలేను అన్నది. ఆయన ఆ పట్నంల ఉండలేను అన్నడు. ఇద్దరూ పంతం మనుషులే. మీ నాయినకు ఉత్తరాలు రాసేటోడు. జవాబు వచ్చిన నాడు ఎక్కువ పాఠం చెప్పించుకునేటోడు. రాని నాడు గుర్రం మీద పోతే పొద్దూకినంక వచ్చేటోడు. నాకు తెల్సింది గంతే.”

“ఉత్తరాలు రాసేవాడా? మా అబ్బా మాకెప్పుడూ చెప్పలేదు,” అంది ఆవిడ. ఆ మాట తనలో తను అన్నట్టుంది.

అంతలో అన్నం వండే ఆమె అన్నం ఉడికిందని చెప్పింది. పిల్లలు కంచాలు పట్టుకుని వరసగా కూర్చున్నారు. మనవరాలు వెళ్ళలేదు. తనకూ ఒక కంచం అడిగి పిల్లల మధ్యే కూర్చుంది. ఆ రోజు అన్నం, సాంబారు, గుడ్డు. పక్కన కూర్చున్న పిల్ల తన గుడ్డులో సగం ఆవిడకు పెట్టబోయింది. “నాకూ ఇచ్చారు చూడు,” అని ఆవిడ తన గుడ్డు చూపించింది. తిన్నాక వెనక్కి వెళ్ళి తాత సమాధి దగ్గర దుపట్టా తల మీదికి లాక్కుని దువా చేసుకుంది. సమాధి చుట్టూ శుభ్రంగా ఊడ్చి ఉంది. ఎవరు ఊడుస్తారని ఆవిడ అడగలేదు. అవ్వ వైపు చూసింది, అంతే.

కలప వ్యాపారిని మాత్రం వెళ్ళిపొమ్మంది. అతను గొణుక్కుంటూనే ఆటో ఎక్కి పోయాడు. సర్పంచ్ అప్పటికప్పుడు తెల్లకాగితం తెచ్చి, కొత్త బడి కట్టే దాకా బంగళాలో బడి నడుపుకోవడానికి అభ్యంతరం లేదని నా చేత రాయించాడు. ఆవిడ కాగితం తీసుకుని తిప్పి చూసింది.

“నాకు తెలుగు మాట్లాడ్డం వస్తది గానీ చదవడం రాదు,” అంది, కొంచెం సిగ్గుపడుతూ.

పిల్లలంతా ఒక్కసారి అవ్వ వైపు తిరిగారు. అవ్వ కాగితం తీసుకుని, ఒక్కో మాటా ఆగి ఆగి చదివి వినిపించింది. ఆవిడ ఉర్దూలో సంతకం చేసింది. జీపెక్కే ముందు అవ్వ చేతులు పట్టుకుని ఏదో చెప్పింది. నేను దూరంగా ఉన్నాను, వినపడలేదు. అవ్వను అడిగితే, “సంక్రాంతి సెలవులకు వస్తదట. రానీ, చూస్త,” అంది.

ఆవిడ అప్పుడు రాలేదు. వేసవిలో వచ్చింది, తన ఇద్దరు కూతుళ్ళను తీసుకుని. వారం రోజులున్నారు. కప్పు మీద పగిలిన పెంకులు మార్పించింది. గదిలో గుంత మట్టితో పూడ్పించింది. ఆడపిల్లలు మొదటి రోజు సెల్‌ఫోన్‌కు సిగ్నల్ లేదని మూతి ముడుచుకున్నారు గానీ, మూడో రోజుకు మా పిల్లలతో కలిసి తునికిపండ్లకు అడవిలోకి పోయారు. తర్వాత ఏటా వచ్చేవాళ్ళు. ఒకసారి ఆవిడ, అవ్వ, నేను కలిసి పెనుబల్లి వైపు ఆ పల్లెకు వెళ్ళాం. మా ఊరికి అది నాలుగు మైళ్ళే. సిపాయి చెల్లెలి కోడలు ఇల్లు చూపించింది. పాత ఇల్లు పోయి డాబా వచ్చింది. దొర రాసిన ఆ ఉత్తరం ఏమయిందో వాళ్ళకు తెలియదు. కానీ ఏటా ఒక షేర్వాణీ దొర వచ్చి అరుగు మీద కూర్చునేవాడని అత్త చెప్పిందని అంది. మమ్మల్ని కూడా తినకుండా పోనివ్వలేదు. గోంగూర పచ్చడి సీసాలో పెట్టి ఇచ్చింది.

నేను ఆ ఊళ్ళో ఏడేళ్ళు పనిచేశాను. ఆ మధ్యలోనే నాకు పెళ్ళయింది, పాప పుట్టింది. పాపకు అక్షరాభ్యాసం అవ్వ చేతే చేయించాను. మా అత్తగారు పంతులుగారు కావాలని కొంచెం పట్టుబట్టారు గానీ, అవ్వ రాసిన అ చూశాక ఆమే మెత్తబడ్డారు.

నా ఆరో ఏడాదిలో కొత్త బడి పూర్తయింది. నాలుగు గదులు, ఫ్యాన్లు, ఆకుపచ్చ బోర్డులు. పిల్లలు బల్లలు, రిజిస్టర్లు, గంట, నీళ్ళ కుండ మోసుకుని ఊరేగింపులా వెళ్ళారు. అవ్వను పిలిచాం. నాకు బంగళా చాలు అని రాలేదు. వారం రోజులు చూశాను. ఎనిమిదో రోజు పొద్దున ప్రార్థన వేళకు ఆమె గేటు దగ్గర నిలబడి ఉంది. ఒకటో తరగతి గదిలోకి వచ్చి గోడలు తడిమి చూసింది. ఫ్యాన్ కింద నిలబడింది. “గాలి మంచిగనే వస్తాంది గానీ, వెలుగు తక్కువున్నది,” అంది. పిల్లలు జరిగి ఆమెకు కిటికీ పక్కన చోటిచ్చారు. ఆమె కూర్చుని, దగ్గర్లో ఉన్న పిల్ల పలక అందుకుని, “ఏంది బిడ్డా ఈ క, తోక లేని కోతి లెక్కున్నది,” అంటూ దిద్దడం మొదలుపెట్టింది.